ఫ్రీజరు బాగైందని చెప్పలేదు

హెడ్లీ ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే, మొహమైనా కడుక్కోకుండా, టార్చిలైటూ స్క్రూడ్రైవరూ పట్టుకుని డీప్ ఫ్రీజర్ ఉన్న కింది గదిలోకి దిగాడు. పొయ్యి దగ్గర కాడ్ చేపలు వేయిస్తున్న అతని భార్య గ్లెండా ఉలిక్కిపడింది. ఇప్పుడైనా ఆపి చెప్పేస్తే పోయేది. చేపలు తిరగేస్తూ ఉండిపోయింది.

కెనడాకి ఆ చివర ఆల్బర్టా చమురు క్యాంపులో ఆరు వారాలు, ఈ చివర న్యూఫౌండ్లాండ్‌లోని ఇంట్లో రెండు వారాలు. పదకొండేళ్లుగా హెడ్లీ బతుకు ఇదే. పిల్లలు లేరు. క్యాంపులో ఉన్న మొగుడికి ఫోన్లో చెడు కబురు చెప్పకూడదన్నది ఆ ఊరి ఆడవాళ్ల కట్టుబాటు. యంత్రాల మధ్య తిరిగే మనిషి మనసు చెదరకూడదట. చెడు చెప్పకూడదు సరే, మంచి మాత్రం రోజూ ఎక్కణ్ణుంచి తెస్తుంది? "ఎలా ఉన్నావ్?" "బానే ఉన్నా." "చలా?" "చలే." అంతే, ఫోన్ పెట్టేసేవాడు. ఆ తర్వాత మర్నాటి ఫోన్ దాకా గ్లెండా తన గొంతు తనే వినేది కాదు.

ఈసారి అతను వెళ్లిన మర్నాడే ఫ్రీజరు మొరాయించింది. దానంతటది కరగాల్సిన మంచు లోపలి వెనక పలక మీద గడ్డ కట్టేసింది. యంత్రం సంగతే కదా, చెడు కబురు కిందికి రాదనుకుని ఫోన్లో చెప్పేసింది. ఆ సాయంత్రం హెడ్లీ నలభై నిమిషాలు మాట్లాడాడు!

"పలకంతా పట్టిందా, ఒక మూలేనా?"

"అంతా."

"అయితే గ్యాసు పోలేదు, బతికిపోయాం. ఫ్యాను చప్పుడొస్తోందా? నిదానంగా విను. నేనున్నాగా."

ఆ మాట విని ఎన్నేళ్లయిందో. గ్లెండాకి కళ్లు చెమర్చాయి.

లోపలున్న మూస్ దుప్పి మాంసమంతా వాకిట్లో మంచులో పెట్టి, ఒక రోజు ఫ్రీజరు ఆపితే మళ్లీ నడిచేది. పది రోజులకు కథ మొదటికొచ్చేది. మూడోసారి విసుగెత్తి తనే పలక విప్పింది, మీటరు పెట్టి చూసింది. మంచు కరిగించే హీటరు కాలిపోయింది. కొత్తది తెప్పించి బిగించింది. పండగలా అనిపించింది.

సాయంత్రం ఫోనెత్తగానే, "ఏంటి దొరసానీ, మన రోగి ఎలా ఉంది?" అన్నాడు హెడ్లీ హుషారుగా.

"మళ్లీ పట్టేసింది," అనేసింది గ్లెండా. అది మొదలు మూడు వారాలు అబద్ధమే.

ఇప్పుడు హెడ్లీ కింది గదిలోంచి మెట్లెక్కి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"లోపల మంచు పొర కూడా లేదు. హీటరు కొత్తది. ఎవరు వేశారు?"

"నేనే. మూడు వారాలైంది."

"మరి రోజూ నాకు చెప్పిందంతా? అక్కడ ఎలక్ట్రీషియన్లని తిండి కూడా తిననివ్వకుండా అడిగాను కదే! అందరి ముందూ నన్ను వెర్రివాణ్ణి చేశావు."

"బాగైందంటే 'సరే' అని పెట్టేసేవాడివి!" గ్లెండా అరిచింది. ఆమె అరవగా అతనెప్పుడూ వినలేదు. "నీకు చెప్పదగ్గ కష్టం నా దగ్గర అదొక్కటే. అదీ తీరిపోతే నాతో ఏం మాట్లాడతావ్?"

హెడ్లీ స్క్రూడ్రైవరు పక్కన పెట్టి కుర్చీలో కూర్చున్నాడు.

"పొద్దున్నుంచీ పనిలో నిన్నేం అడగాలా అనే ఆలోచించేవాణ్ణి, గ్లెండా. నాకు మాత్రం అక్కడ ఎవరున్నారు?" ఆమె చెయ్యి అందుకున్నాడు. "చెప్పదగ్గది అదొక్కటే అన్నావ్. చెప్పకూడనివేంటి?"

"ఏం లేవు."

"చెప్పు."

"మాంసం పెట్టెలు మోస్తూ వాకిట్లో జారిపడ్డాను. గంటసేపు లేవలేకపోయాను. పిలుద్దామంటే చుట్టుపక్కల ఎవరూ లేరు. నీకేమో చెప్పకూడదాయె."

హెడ్లీ కుర్చీ వెనక్కి తోశాడు. లేచి, ఆమెను దగ్గరికి తీసుకున్నాడు. అతని గడ్డం కూడా తడిసింది.

"ఆ కట్టుబాటు మంటగలవనీ. ఇంకా ఏం దాచావు?"

ఇంకా చాలా ఉన్నాయి. ఏళ్లవి ఉన్నాయి. గ్లెండా అతని భుజమ్మీద తల ఆన్చి, వెక్కుతూ, ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది.