ఏడుపు మేడ

సఖినేటిపల్లి రేవుకి వెళ్ళే దారిలో ఒక పాడుబడ్డ మేడ ఉండేదట. దీపాలు పెట్టాక అటు ఎవరూ తల తిప్పేవారు కాదు. ఒకప్పుడు అందులో కాపురమున్నవాళ్ళ పెద్దకోడలికో నగిషీల ఉయ్యాల. చిన్నకోడల్ని ఒక్కనాడూ దానిమీద కూర్చోనివ్వలేదు. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి పోయింది... ఏడుపు మాత్రం పోలేదని చెప్పుకునేవారు.

తొంభై ఎనిమిదిలో మాట. ఆ ఊరి ఆదిలక్ష్మి, అమలాపురం భవానీదేవి విశాఖపట్నంలో ఒకే హాస్టల్లో ఉంటూ పాతకాలపు సామాన్ల పనితనం మీద ఎమ్మే చదివేవారు. ఆ ఉయ్యాల సంగతి క్లాసులో చెప్పింది ఆదిలక్ష్మి. మేష్టారు దానిమీద థీసిస్ రాయమన్నది మాత్రం భవానీని.

ఆదిలక్ష్మికి కడుపు రగిలిపోయింది. ఊరు తనది, కబురు తనది, పేరు దానికా?

ఒకరోజు ముందే ఊరొచ్చేసింది. తెల్లారితే భవానీ ఫోటోలు తీయడానికి వస్తుంది. గొలుసులకున్న ఇత్తడి నెమళ్ళు లేకపోతే అది ఉత్త బల్ల. చీకటి పడగానే ఆదిలక్ష్మి చున్నీ కింద స్క్రూడ్రైవరు పెట్టుకుని మేడలోకి వెళ్ళింది.

టార్చి వేసింది. వస్తువుని కాదు, అరుగుదలని చూడమని మేష్టారు చెప్పేవారు. బల్ల ఒక చివర అరిగి నున్నగా ఉంది, దానిమీద బెత్తెడు దుమ్ము. రెండో చివర అరగనే లేదు. కానీ అక్కడ... ఒక మనిషి కూర్చునేంత మేర దుమ్ము లేదు.

చెయ్యి వేసింది.

వెచ్చగా ఉంది.

“ఎవరండీ?” అంది.

“నీకూ దక్కనివ్వలేదా అమ్మా?” — చీకట్లో సన్నటి ఏడుపు. గొలుసు కిర్రుమంది. “కూర్చో. ఒక్కదాన్నే ఏడవలేకపోతున్నాను.”

ఆదిలక్ష్మి ఎలా ఇంటికొచ్చి పడిందో ఆమెకే తెలీదు. స్క్రూడ్రైవరు అక్కడే ఉండిపోయింది. నెమళ్ళూ ఉండిపోయాయి.

వారం తర్వాత హాస్టల్లో భవానీ ఫోటోలు మంచం మీద పరిచింది.

“ఇది చూడవే ఆదీ. అరగని వైపు ఇద్దరు కూర్చునేంత మేర దుమ్ము లేదు. ఆ మేడలోకి ఎవరూ వెళ్ళరన్నావుగా?”

తను కూర్చోలేదు. ఒట్టు, కూర్చోలేదు.

ఫోటోలో నెమళ్ళు బంగారంలా మెరుస్తున్నాయి. ఇంత అందం దీని పాలైందే అని ఆదిలక్ష్మికి మళ్ళీ కడుపు మండింది.

మండగానే, ఉయ్యాలే లేని ఆ గదిలో... చెవి పక్కనే... కిర్రుమంది.