మందులో ఎడమ సగం

వరండా తుడవడం సగానికి వచ్చింది. రేణుక గుడ్డను బకెట్‌లో ముంచి, పిండి, మళ్ళీ నేల మీద పరిచింది. ఆ బకెట్‌కు ఒకదాని కింద ఒకటి రెండు అడుగులు. మధ్యలో సెల్‌ఫోన్ సిగ్నల్‌ను చంపే జామర్. ఖాజాగూడలోని ఈ విల్లాలో ఆమె పేరు చంద్రమ్మ, నలభై రోజులుగా పనిమనిషి. ఢిల్లీలో ఒక ఫైల్ ప్రకారం ఏజెంట్ నంబర్ పదిహేడు.

ఇంటాయన డాక్టర్ పార్థసారథి, కెమిస్ట్. గుండె మందుల మీద మూడు పేటెంట్లున్నాయి. నాలుగోది మేడ మీది లాబ్‌లో తయారైంది. ఒక పల్చటి పొర, అంతే. ఆయన మాత్రలోని మందు కుడిచెయ్యి, ఎడమచెయ్యిలా రెండు రూపాల్లో ఉంటుంది. కుడి రూపం గుండె లయను సరిచేస్తుంది. ఎడమది ఎక్కువైతే గుండెను ఆపేస్తుంది. ఈ పొర కుడిదాన్ని పోనిచ్చి ఎడమదాన్ని ఆపుతుంది. దీని పేటెంట్ దరఖాస్తు ఇంకా వెళ్ళలేదు. ఫార్ములా రాసిన నోట్‌బుక్ కోసం ఒక విదేశీ ముఠా తిరుగుతోంది.

"ఆయన అసిస్టెంట్ సంధ్య మన మనిషే," అని బ్రీఫింగ్‌లో చీఫ్ ఓంకార్ చెప్పాడు. "నువ్వెవరో మాత్రం ఆమెకు తెలియనియ్యకు."

ముందు సెంటు వాసన వచ్చింది, తరువాత హైహీల్స్. సంధ్య తడి నేల మీద నడుస్తూ ఫోన్‌లో ఇంగ్లిష్‌లో మాట్లాడుతోంది. హైటెక్ సిటీ చుట్టుపక్కల ఇళ్ళల్లో ఇది మామూలే. దాచుకోవలసిన మాటలన్నీ పనిమనిషి ముందు ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటారు.

"పది గంటల టీలో కలుపుతాను. ప్యూర్ లెఫ్ట్ ఫార్మ్. పదింపావుకు అంబులెన్స్ తీసుకురా. బంద్ రోజు దాన్నెవరూ ఆపరు. నోట్‌బుక్‌తో నేనెక్కేస్తాను. కనిపెట్టినవాడే లేకపోతే పేటెంట్ మనదే."

ఫోన్ పెట్టేసి తెలుగులో అంది. "చంద్రమ్మా, ఆ మూల వదిలేశావ్."

"తుడుస్త మేడం."

తొమ్మిదిన్నర. రేణుక చెత్తబుట్ట తీసుకుని వెనక సందులోకి వెళ్ళి, సబ్బుపొడి డబ్బాలోంచి ఫోన్ తీసింది.

"బియ్యంల రాయి దొరికింది."

"పేరు?" అన్నాడు ఓంకార్.

"సంధ్య. పదింటికి సారుకు విషం పెడ్తది. పదింపావుకు వాళ్ళ కొరియర్ అంబులెన్స్‌ల వస్తడు, నోట్‌బుక్ ఎత్కపోతరు. టీమ్‌ను పంపుండ్రి సార్."

"టీమ్ మియాపూర్‌లో ఇరుక్కుంది. సకల జనుల సమ్మె, రోడ్డంతా మనుషులే."

"అయితే టీ నేనే ఆపుత."

"ఆపకు. ముసలాయన పడితేనే ఆ కొరియర్ గేటు దాటి మన చేతికి చిక్కుతాడు. పడనీ."

"సచ్చిపోతడు సార్."

"నోట్‌బుక్ ఉందిగా. నువ్వు ఏజెంట్‌వి రేణుకా, నర్సువి కాదు."

లైన్ కట్టయింది.

సందు మొగలో సమ్మెవాళ్ళు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పెద్ద డేగిశాలో పప్పు కలుపుతున్న ఎల్లయ్య పక్క విల్లా వాచ్‌మన్.

"ఎల్లన్నా, పదింపావుకు మా ఇంటికి అంబులెన్స్ వస్తది. లోపలికి పోనియ్. మళ్ళ బయటికి రానియ్యకు."

"పేషంట్ల బండిని ఆపుతరానె? పాపం తాకుతది."

"మా ఇంట్ల పేషంట్ లేడు. వాళ్ళు దొంగలు."

ఎల్లయ్య గరిటె ఆపి ఆమెను చూశాడు. "జర పప్పు కింద మంట తగ్గియ్," అని పక్కవాళ్ళను పిలవడానికి వెళ్ళాడు.

పదింటికి వంటింట్లో టీ మరిగింది. సంధ్య పింగాణీ కప్పు నింపించి, రెండు క్యాప్సూల్స్ విప్పి పోసి కలిపింది. "సార్‌కు షుగర్ మందు. నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు," అని మేడ మెట్లెక్కింది. రేపు పోలీసులు అడిగితే కప్పు ఇచ్చిన చెయ్యి పనిమనిషిది.

పనిమనిషికి ఆ ఇంట్లో వేరే స్టీలు గ్లాసు ఉంది. కిటికీ గట్టు మీద బోర్లించి ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. రేణుక కప్పులోది ఆ గ్లాసులో పోసి మూతపెట్టింది. కప్పు కడిగి, గిన్నెలో మిగిలిన టీ నింపింది. వరండాలో కుర్చీలో ఉన్న ఆయనకు కప్పు ఇచ్చి, బకెట్ అడుగున జామర్ స్విచ్ నొక్కింది.

"ఏమే, మీవాళ్ళు ఇవాళ కూడా రోడ్డెక్కారా?" అన్నాడు పార్థసారథి పేపర్ దించకుండా.

"ఎక్కిన్రు సారూ."

"రాష్ట్రం వస్తే తుడుపు మానేస్తావా?"

"మీకే తుడుచుడు నేర్పిచ్చి పోత."

ఆయన టీ మొత్తం తాగాడు.

పదీ పదికి సంధ్య హ్యాండ్‌బ్యాగ్‌తో దిగింది. ముసలాయన క్రికెట్ స్కోర్ చదువుతున్నాడు. ఆమె వంటింట్లోకి పరుగెత్తి, విషం ఆనవాలు మిగలకూడదని, జన్మలో మొదటిసారి కాబోలు, గిన్నెలూ కప్పులూ అన్నీ తనే కడిగింది. గట్టు మీది గ్లాసు జోలికి పోలేదు. ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు.

సైరన్ వినిపించింది.

అంబులెన్స్ గేటు లోపలికి వచ్చింది. తెల్లకోటు వేసుకున్న కొరియర్ దిగి, కుర్చీలో కాలు మీద కాలేసుకుని పేపర్ చదువుతున్న శవాన్ని చూశాడు. మళ్ళీ బండెక్కాడు. బండి వెనక, గేటుకు అడ్డంగా అప్పటికే మూడు డేగిశాలు, అరవైమంది మనుషులు.

"డాక్టర్ సాబ్, ఏం పరేషాన్ కాకు," అన్నాడు ఎల్లయ్య తలుపు లాగుతూ. "కూసో, పప్పన్నం తిని పోదువు."

వరండాలోకి వచ్చిన సంధ్య బ్యాగ్‌లో చెయ్యి పెట్టింది. రేణుక ఆ మణికట్టును వెనక్కి విరిచింది. చిన్న పిస్టల్ తడి నేల మీద జారిపోయింది.

"బ్యాగ్ కింద పెట్టండి మేడం. ఇంగ్లిష్‌లో కావాలంటే ఇంగ్లిష్‌లోనే చెప్త."

నోట్‌బుక్ బయటపడింది. సంధ్య నొప్పితో కూడా నవ్వింది. "ఎవర్ని కాపాడావో తెలుసా? ఎడమ సగం చంపుతుందని ఇతనికి పన్నెండేళ్ళుగా తెలుసు. పాత పేటెంట్ డబ్బు ఆగకూడదని, దాని గడువు తీరేదాకా రెండూ కలిపే అమ్మించాడు. ఆ పుస్తకం మొదటి పేజీ చదువు."

పన్నెండున్నరకు ఓంకార్ మనుషులు చేరి ఇద్దరినీ తీసుకెళ్ళారు. నోట్‌బుక్‌ను పార్థసారథికి భద్రంగా అప్పగించమని ఆర్డర్. అప్పగించేముందు రేణుక మొదటి పేజీ చదివింది. పన్నెండేళ్ళ కిందటి తేదీ, దాని కింద ఎడమ రూపం వల్ల పోయినవాళ్ళ లెక్క.

విషం టీ గ్లాసులో దాచిన సంగతి కూడా ఆమె నోట విని, ఆయన నోట్‌బుక్‌ను ఒళ్ళో పెట్టుకుని, "ఇంకో టీ పెట్టు," అన్నాడు.

ఆమె పొయ్యి వెలిగించి పాలు పెట్టింది. "సారూ, ఆమె చెప్పింది నిజమేనా?"

"వెయ్యిలో ఒకరో ఇద్దరో. మిగతావాళ్ళు బతికారుగా. వాళ్ళొచ్చి దండం పెట్టారా నాకు?" పేజీ తిప్పాడు. "ఆ గ్లాసులోది సింకులో పోసెయ్. ఎడమ సగం ఏం చేస్తుందో బయట లాబ్‌లో తేలడం మంచిది కాదు."

రేణుక గ్లాసు మూత బిగించి, కొంగులో చుట్టుకుంది. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నాయి. ఆయన లోపలినుంచి అరుస్తున్నాడు. పొయ్యి కట్టెయ్యకుండానే ఆమె గేటు దాటింది.