ఆపరేషన్ సముద్ర దోసకాయ

“మూడు వారాలు. మూడు మారువేషాలు. రిజల్ట్ సున్నా,” అన్నాడు ధనుంజయరావు.

గుడివాడ బస్టాండ్ వెనక జిరాక్స్ షాపు అది. లోపలి గది మాత్రం కోస్తా ఇంటెలిజెన్స్ యూనిట్ ఆఫీసు. ధనుంజయరావు దాని చీఫ్. ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ అనంతకృష్ణ పళ్ళు కొరికాడు.

“జీపు అడిగితే ఇవ్వలేదు సార్. ఆర్టీసీ బస్సులో ఎవర్ని ఛేజ్ చెయ్యను?”

“అది వదిలెయ్. సముద్ర దోసకాయ తెలుసా? ప్రమాదం వస్తే తన పేగుల్ని తనే కక్కేస్తుంది. కొన్ని వారాల్లో కొత్తవి పెంచుకుంటుంది. అదెలా పెరుగుతుందో మచిలీపట్నం సైంటిస్ట్ ప్రభావతిగారు కనిపెట్టారు. పేగులు తీసేసిన పేషెంట్లకి రేపు అదే ప్రాణం. ఆవిడ నోట్స్‌ని విదేశీ ముఠా కొట్టేసింది. రుజువుగా మిగిలినవి అవనిగడ్డ హేచరీలో ఉన్న పదహారు జీవులే. అవి చస్తే పేటెంట్ వాళ్ళది.”

“లోపల మనవాళ్ళు?”

“వేదశ్రీ. ముఠా మనిషిలా నటిస్తోంది. కోడ్ ‘కలంకారీ’. జవాబు ‘పెడన’.”

బస్సు పులిగడ్డ వంతెన దగ్గర ముప్పావుగంట ఆగిపోయింది. వాటర్ ఇన్‌స్పెక్టర్ తెల్లకోటులో అనంతకృష్ణ హేచరీ చేరేసరికి మూడున్నర. జేబులోంచి పెన్ను తీసి తొట్లన్నిట్లో ముంచాడు. విషం ఉంటే ఎర్రబడాలి. నీలంగానే ఉంది.

“ఇంకెంతమంది ఇన్‌స్పెక్టర్లండీ? అవి చచ్చిపోతున్నాయి, మీరు పెన్నులు ముంచుతున్నారు!” ప్రభావతి తొట్టికి అడ్డంగా వచ్చి నిలబడింది.

అతను ఐడీ కార్డు చూపించి, “ఏం జరుగుతోందో చెప్పండమ్మా,” అన్నాడు.

“కొత్త పేగు రావాలంటే ముందు గాయం దగ్గర పాత ప్రొటీన్లు ముక్కలవ్వాలి. పాత గోడ కూల్చకుండా కొత్త గది కట్టలేం కదండీ. ఆ కూల్చే పని ఇంకో ప్రొటీన్‌ది. దాన్ని ఏదో ఆపేస్తోంది. రోజూ నాలుగింటికి నీళ్ళు మార్చాకే మొదలు. పొద్దుటికి కాస్త తేరుకుంటాయి.”

అనంతకృష్ణ ఉలిక్కిపడ్డాడు. దాన్ని ఆపే మందు కొత్త నీళ్ళతో వస్తోంది! తెల్లారేసరికి విరిగిపోయి టెస్టుకి చిక్కడం లేదు. వాచీ చూశాడు. మూడు యాభై ఆరు.

డాబా మీదికి పరిగెత్తాడు. ఓవర్‌హెడ్ ట్యాంకు పక్కన నల్ల కళ్ళద్దాలు, ఆకుపచ్చ పట్టుచీరతో ఒకామె. చేతిలో ఉప్పు బస్తా.

“కలంకారీ!”

“కొండపల్లి,” అందామె.

అతను పిస్టల్ తీశాడు. “జవాబు పెడన.”

“మొన్నే మారింది. మీ చీఫ్ చెప్పలేదా?”

పిస్టల్ నేలకేసి కొట్టాలనిపించింది అతనికి.

“వినండి,” అంది వేదశ్రీ. “ట్యాంకు నీళ్ళలో కలిపే ఉప్పులోనే వాళ్ళు మందు పెట్టారు. అది తీసేశాను. ఈ బస్తాలో ఉన్నది మంచిది. కానీ టెక్నీషియన్ కిరణ్ కుమార్ ముఠావాడే. నా మీద అనుమానం వచ్చి, పదింతల డోసు సరాసరి కింది పైపులో పోశాడు. వాల్వ్ తిప్పితే అన్నీ పోతాయి!”

కింద కిర్రుమని చప్పుడైంది.

అనంతకృష్ణ నాలుగేసి మెట్లు దూకుతూ దిగాడు. కిరణ్ కుమార్ వాల్వ్ తెరిచి, పిడి విరగ్గొట్టి గేటువైపు పరిగెడుతున్నాడు. పట్టుకోవాలా? పైపులో గరగరమని నీళ్ళొస్తున్నాయి. ఛ! అతన్ని వదిలేసి తెల్లకోటు విప్పి పైపు మూతిలో కుక్కాడు. భుజం ఆనించి నొక్కాడు. ప్రభావతి కూడా వచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఒకే ఒక్క చుక్క జారి, తొట్టి అంచు మీద ఆగింది. ఆమె దాన్ని కొంగుతో తుడిచేసింది.

గేటు దగ్గర ధబ్బుమంది. డాబా మీంచి వేదశ్రీ విసిరిన ఉప్పు బస్తా కిరణ్ కుమార్ వీపు మీద పడింది. తర్వాత ఆమె పైన ట్యాంకు వాల్వ్ మూసేసింది, పైపులో నీళ్ళు ఆగాయి.

పదకొండు రోజుల తర్వాత ప్రభావతి అతన్ని మైక్రోస్కోప్ దగ్గరికి పిలిచింది. పదహారింటిలోనూ దారప్పోగుల్లా కొత్త పేగు మొలిచింది. ఆమె కళ్ళు తడిశాయి. అతనికి ఇన్ని వారాల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది.

అప్పుడే ఫోన్ మోగింది. చీఫ్. “ప్రభుత్వ కోటు పాడు చేశావట. మూడు కాపీల్లో ఎక్స్‌ప్లనేషన్ రాయి.”

అనంతకృష్ణ ఫోన్ పెట్టేసి ప్రభావతివైపు తిరిగాడు. “మేడమ్, పనికిరాని పాతదాన్ని కూల్చే ఆ ప్రొటీన్, మా ఆఫీసుకి ఎక్కించడం కుదురుతుందా?”

“ఆఫీసుల మీద ట్రయల్స్ ఇంకా మొదలవ్వలేదండీ,” అంది ప్రభావతి. “వాటికంటే సముద్ర దోసకాయలు నయం. చెప్తే వింటాయి.”