జాడగత్తె చెప్పిన పేరు

ఎర్రవాడలో వినాయక చవితి వచ్చిందంటే ప్రతి ఏడూ ఒకటే తగువు. ఏ చంద్రుణ్ణి చూడకూడదు? అంగారకుడికి ఉన్నవి రెండు. అందులో ఫోబోస్ రోజుకు రెండుసార్లు పడమట పొడిచి తూర్పున గుంకుతుంది. దానికి తిథీ లేదు, వారమూ లేదు. అసలు చవితి లెక్క భూమి చంద్రుడిది, ఆయన ఇక్కడికి సరిగ్గా చుక్కలా కూడా కనిపించడు. ఈ వాదన ఎంతకీ తెమలక, పదేళ్ల కిందట ఊరి సభ ఒక తీర్మానం చేసి చేతులు దులుపుకుంది. చవితినాడు పైకిటికీలన్నీ మూసెయ్యాలి, ఎవరికీ ఏ నీలాపనిందా రాకూడదు, అంతే.

రెండో చిక్కు మట్టి. ఇక్కడి ఎర్రమన్ను నిండా పెర్‌క్లోరేట్ లవణాలే, అంటే విషం. పిల్లల చేతికి ఇచ్చేది కాదు. అందుకని మొదటి ఓడలో వచ్చినవాళ్లు వెంట తెచ్చిన తొమ్మిదివందల గ్రాముల గోదావరి లంకమట్టితోనే, నేల కింద కట్టుకున్న అరవై మూడు ఇళ్లకూ కలిపి ఒక్క వినాయకుణ్ణి చేస్తారు. పూజ అయ్యాక గంగాళంలో నిమజ్జనం. నీళ్లు ఆవిరై మళ్లీ ఊరి ట్యాంకులోకి పోతాయి. అడుగున మిగిలిన మట్టిని ఆరబెట్టి, డబ్బాలో పెట్టి, వచ్చే ఏడు వంతున్న ఇంటికి అప్పగిస్తారు. ఇరవై రెండేళ్లుగా అదే మట్టి, అదే దేవుడు. వంతు ఎవరిదైతే ఆ ఇంటి పిల్లలు విగ్రహం చెయ్యాలి. పెద్దవాళ్లు వేలు పెట్టకూడదు.

ఈ ఏడు వంతు డాక్టర్ సువర్చల ఇంటిది. చవితి పొద్దున్న ఏడింటికి ఆవిడ పూజ అలమర తెరిచి చూస్తే డబ్బా లేదు.

“నిషితా! మట్టి డబ్బా ఏం చేశావే?”

తొమ్మిదేళ్ల నిషిత పళ్లు తోముకుంటూ నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చింది. నెల రోజులుగా ఆ పిల్ల గోధుమపిండితో తొండాలు చెయ్యడం సాధన చేస్తోంది. రాత్రి నిద్రపోతే ఒట్టు.

“నేను తియ్యలేదమ్మా.”

“నువ్వు తియ్యకపోతే దానికి కాళ్లొచ్చి నడిచిపోయిందా?”

“నిజంగా తియ్యలేదు. ఒట్టు.”

“మొన్న నీళ్ల మీటరు విప్పినప్పుడు కూడా ఇలాగే ఒట్టేశావు.”

ఆ మాట నిజమే, అప్పుడు విప్పింది నిషితే. పక్క గదిలో పదమూడేళ్ల అన్న ప్రణీత్ చదువుకుంటున్నాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. బుద్ధిమంతుడు కదా.

ఇల్లంతా తిరగేశారు. తండ్రి వామనరావు మంచాల కింద దూరి చూశాడు, బట్టల పెట్టెలు దులిపాడు. ఎనిమిదయ్యేసరికి కామేశం గారు రానే వచ్చారు. డెబ్భై ఏళ్ల మనిషి, ఊరి గాలి పంపుల ఇంజనీరు, సభకు పెద్ద, చవితికి కథ చదివేదీ ఆయనే.

“ఏమ్మా, మట్టి తడిపారా?” అంటూ లోపలికి వచ్చి, వాళ్ల ముఖాలు చూసి ఆగిపోయారు.

సంగతి చెప్పారు. ఆయన కుర్చీలో కూలబడ్డారు. “పదకొండింటికి పూజ. అరవై మూడు ఇళ్లవాళ్లు వస్తారు. ఉమ్మడి వస్తువమ్మా ఇది. ఎవరి వల్ల పోయిందో తేలితే కథకు ముందు వాళ్ల పేరు చదవాలి. నాకు ఇష్టమై కాదు, నియమం.”

పేరు చదవడమంటే ఎర్రవాడలో అందరికీ గుండె ఝల్లుమంటుంది. నాలుగేళ్ల కిందట ఒకతని నిర్లక్ష్యంతో ట్యాంకు నీళ్లు పాడైతే అతని పేరు చదివారు. ఏడాది పాటు భోజనశాలలో అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. రెండువందల మంది ఉన్న ఊళ్లో అది చిన్న శిక్ష కాదు.

“పిల్లదాన్ని నెమ్మదిగా అడుగుదాంలే, సువర్చలా,” అన్నాడు వామనరావు.

“అడగడమెందుకండీ? జాడగత్తె ఉందిగా.”

దాని అసలు పేరు పూర్వదృశ్య పునర్నిర్మాణ యంత్రం. నోరు తిరగని పేరు కాబట్టి పిల్లలు జాడగత్తె అని పిలిచారు, అదే ఖాయమైంది. ఎర్రవాడలో ఇళ్లలో కెమెరాలు పెట్టడం నిషేధం. అందుకే సువర్చల ఏడేళ్లు కష్టపడి దీన్ని తయారు చేసింది. మనిషి ఒక చోట నిలబడితే గోడకు కాస్త వేడి తగులుతుంది, నేల మీద దుమ్ము జరుగుతుంది, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. ఈ జాడలను సెన్సర్లు పట్టుకుంటాయి. మాటలనూ వింటుంది. అన్నీ కలిపి, గడిచిన నాలుగు రోజుల్లో గదిలో ఎప్పుడు ఏం జరిగిందో తెర మీద బొమ్మ కట్టి చూపిస్తుంది. జాడ చెరిగిపోయిన చోట సంభావ్యత లెక్క వేసి ఖాళీ నింపుకుంటుంది, చిరిగిన చీరకు రఫూ చేసినట్టు. దీనికి ఆవిడ పెట్టిన పేరు పూరణం. పదకొండు నెలలుగా ఆ యంత్రం ఆవిడ ఇంట్లోనే పరీక్షలో ఉంది. ఆ సాయంత్రమే సభ. జాడగత్తెను అన్ని ఇళ్లలో పెట్టి, అది చెప్పింది సాక్ష్యంగా తీసుకోవాలా వద్దా అని ఓటు.

“జాడగత్తే, మట్టి డబ్బా ఎవరు తీశారు?” అని అడిగింది సువర్చల.

గోడ మీది తెర వెలిగింది. బూడిదరంగు నీడల్లో పూజ అలమర కనిపించింది. మూడు రోజుల కిందటి మధ్యాహ్నం. ఒక పొట్టి నీడ అలమర దగ్గరికి వచ్చింది, తలుపు తీసింది, డబ్బాను రెండు చేతులా గుండెలకు హత్తుకుని నడిచిపోయింది. ఆ నడక, ఆ రెండు జడలు, ఇంక చెప్పేదేముంది?

“నిషిత,” అంది యంత్రం. “నమ్మకం తొంభై ఒక్క శాతం.”

కామేశం గారే ముందు తేరుకున్నారు. “సొంత యజమాని కూతురని కూడా చూడకుండా చెప్పేసింది. ఇంతకంటే ఏం కావాలమ్మా? సాయంత్రం నా ఓటు నీకే.”

సిగ్గుచేటు గానీ, ఆ క్షణంలో సువర్చలకు ఒళ్లు పులకరించింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, గెలిచేసింది కదా! మరుక్షణం కూతురి ముఖం చూసి ఆ సంతోషం కోపంగా మారింది.

నిషిత తెరకేసి చూస్తోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. “అది... నేనేనా?”

“నువ్వు కాక మరెవరే? ఎక్కడ పెట్టావు?”

పిల్ల తెర మీది జడలనూ తన జడలనూ మార్చి మార్చి చూసుకుంది. తర్వాత మెల్లిగా, “నేనే తీశానమ్మా,” అంది.

“ఎక్కడ పెట్టావని అడుగుతున్నా.”

“తెలీదు.”

“తీసినదానివి ఎక్కడ పెట్టావో తెలీదా? ఊరందరి దేవుడు అది! ఆడుకుని పారేశావా?”

“తెలీదమ్మా, నిజంగా తెలీదు...”

సువర్చల చెంప మీద ఒక్కటి ఇచ్చింది. నిషిత ఏడవలేదు. చెంప పట్టుకుని తన గదిలోకి పోయింది. అదే ఇంకా ఒళ్లు మండించింది. చూశారా ఎంత మొండితనమో!

“చిన్నపిల్ల. పేరు చదవకుండా వదిలెయ్యరాదా బాబాయి గారూ?” అన్నాడు వామనరావు.

“యంత్రం చూపించింది, పిల్ల ఒప్పుకుంది. ఇంకా నేనెలా వదలనయ్యా? రేపు అందరూ నన్ను అడగరూ?” అని కామేశం గారు లేచారు. వెళ్తూ వెళ్తూ, “పదిన్నర దాకా చూస్తాను. డబ్బా దొరికితే ఏ గొడవా లేదు,” అన్నారు.

తొమ్మిది దాటింది. దేవుడు ఉన్నా లేకపోయినా నైవేద్యం వండాలి. వంతు ఇంటి నుంచే ఉండ్రాళ్లు వెళ్లాలి. వామనరావు మళ్లీ గుడ్డల మూటలు విప్పుతున్నాడు. సువర్చల వంటింట్లోకి వెళ్లి ఎసరు పడేసింది. చేతులు పనిచేస్తున్నాయి గానీ మనసు చెంప మీదే ఉంది. అన్ని ఇళ్లవాళ్ల ముందు తన కూతురి పేరు వినబడబోతోంది. రేపటి నుంచి బడిలో ఆ పిల్ల పక్కన ఎవరు కూర్చుంటారు?

ఎసరు మరిగింది. పై అరలోంచి బియ్యపు రవ్వ డబ్బా దించింది. ఎత్తితే బరువుగా ఉంది. మూత తీసి గరిటె ముంచితే ఏదో టంగుమంది.

రవ్వలో చెయ్యి పెట్టి పైకి లాగింది. మట్టి డబ్బా.

అప్పుడు గుర్తొచ్చింది. మూడు రోజుల కిందట ధూళి తుపాను హెచ్చరిక మోగింది. గాలి యంత్రాల చలికి పూజ అలమర అంచుల్లో చెమ్మ పడుతోంది. మట్టికి చెమ్మ తగలకూడదని డబ్బా తనే తీసింది. రవ్వ డబ్బాలో అయితే పొడిగా ఉంటుంది, పిల్లలు ముట్టుకోరు, చవితినాడు ఉండ్రాళ్లకు ఎలాగూ తెరుస్తాం, అప్పుడు కళ్లబడుతుంది అనుకుంది. ఎంత తెలివి! ఆ వెంటనే ప్రయోగశాల నుంచి పిలుపొచ్చింది. సభవాళ్లకు చూపించాల్సిన లెక్కల్లో పడింది, ఆ సంగతి బుర్రలోంచి తుడుచుకుపోయింది. భద్రంగా దాచి మర్చిపోవడం వాళ్ల వంశంలోనే ఉంది. పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆవిడ పని.

స్టవ్ ఆపేసి గోడ ముందుకు వచ్చి నిలబడింది.

“డబ్బా తీసింది నేను. నువ్వు నిషితను ఎలా చూపించావు?”

“ఆ సమయానికి తుపాను వల్ల గాలి యంత్రాలు పూర్తి వేగంతో తిరిగాయి. జాడలు చెరిగిపోయాయి. ఎవరో మనిషి వచ్చినట్టు మాత్రమే తెలిసింది. మిగతాది పూరించాను.”

“దేన్ని బట్టి?”

“ఈ ఇంటి మాటలను బట్టి. పదకొండు నెలల్లో ఏదైనా పోయినప్పుడు, పగిలినప్పుడు, ఒలికినప్పుడు మూడువందల పన్నెండు సార్లు మీరు ‘ఎవరు’ అని విచారించారు. రెండువందల ఎనభై నాలుగు సార్లు మొదట పలికిన పేరు నిషితది. తొంభై ఒక్క శాతం.”

“ఆ రెండువందల ఎనభై నాలుగులో అది నిజంగా చేసినవి ఎన్ని?”

“నాకు తెలియదు. తర్వాత ఎవరూ ఆ సంగతి మాట్లాడలేదు.”

“నా పేరు ఎన్నిసార్లు వచ్చింది?”

“ఒక్కసారి కూడా రాలేదు. అందుకే మిమ్మల్ని లెక్కలోకి తీసుకోలేదు.”

తను ఏడేళ్లు కూర్చుని కట్టింది ఏమిటో సువర్చలకు అప్పుడు అర్థమైంది. జరిగింది చూపించే యంత్రం కాదు అది. ఇంట్లోవాళ్లు ఎవరిని అనుమానిస్తారో ఆ పేరునే బొమ్మ కట్టి వాళ్లకే తిరిగి చూపించే యంత్రం. సాయంత్రం ఓటు అయిపోతే అరవై మూడు ఇళ్లలోనూ ఇదే జరిగేది.

డబ్బా పట్టుకుని సభామందిరానికి పరుగు తీసింది. పీట ముందు కామేశం గారు పత్రి సర్దుకుంటున్నారు. ఒగరుస్తూ అంతా చెప్పింది. “పేరు చదవాలంటే నాది చదవండి బాబాయి గారూ.”

ఆయన డబ్బా కళ్లకు అద్దుకుని నవ్వేశారు. “దొరికింది కదమ్మా, చాలు. పెద్దదానివి, నూటొక్క పనులున్నదానివి, మరుపు మానవ సహజం. దానికి పేరు చదవడమేమిటి?”

“నా కూతురైతే చదివేవారు కదా?”

ఆయన నవ్వు ఆగిపోయింది. పత్రిలో మాచీపత్రం ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నారు. గొంతు తగ్గించి, “సాయంత్రం సభలో ఈ సంగతి ఎత్తక్కర్లేదేమో ఆలోచించు. తుపానులు రోజూ వస్తాయా? మిగతా రోజుల్లో యంత్రం బాగానే చెబుతోందిగా,” అన్నారు.

“ఎత్తుతాను. ముందు నా కూతురికి చెప్పాలి,” అని సువర్చల వెనక్కి తిరిగింది.

ఇంటికి వచ్చి నిషిత గది తలుపు తీసింది. గదంతా చిందరవందరగా ఉంది. పరుపు చుట్ట, బొమ్మల పెట్టె బోర్లా, పుస్తకాలన్నీ నేల మీద. నిషిత గాలి గొట్టం జాలీ విప్పి, అందులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి తడుముతోంది. గోళ్లలో నల్లటి దుమ్ము.

“ఏం చేస్తున్నావే?”

“వెతుకుతున్నానమ్మా. ఎక్కడ పెట్టానో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు.”

సువర్చల మోకాళ్ల మీద కూలబడి పిల్లను దగ్గరికి లాక్కుంది. “దొరికింది తల్లీ. రవ్వ డబ్బాలో నేనే పెట్టి మర్చిపోయాను. నువ్వు తియ్యలేదు. అనవసరంగా కొట్టాను నిన్ను.” ఏడుపు ఆగలేదు ఆవిడకు. “తియ్యనిదానివి తీశానని ఎందుకు చెప్పావమ్మా?”

“మరి తెర మీద నేనే ఉన్నాను కదా. తీసి మర్చిపోయానేమో అనుకున్నాను.”

“లేదు. అది తప్పు చూపించింది. నువ్వు ఆ అలమర దగ్గరికే పోలేదు.”

నిషిత కొంచెం వెనక్కి జరిగి తల్లి కళ్లలోకి చూసింది. నమ్మాలని ఉంది ఆ పిల్లకు.

“నిజంగా నేను తియ్యలేదా?”

“నా మీద ఒట్టు. తియ్యలేదు.”

పిల్ల హాల్లో వెలుగుతున్న తెర వైపు తల తిప్పి, గుసగుసగా అంది.

“ఒక్కసారి దాన్ని కూడా అడగమ్మా.”