ఉత్తుత్తి పేషెంటు

ఎనిమిదేళ్లు వార్డుల్లో పనిచేసి, మళ్లీ పుస్తకాలు పట్టిన నర్సు ఆమె. ఈ పెద్ద కోర్సు పూర్తయితే రోగుల్ని సొంతంగా చూసి మందులు రాయొచ్చు.

శనివారాలు ల్యాబ్‌లో ప్రాక్టీసు. పేషెంటుగా నటించడానికి కాలేజీ ఎలక్ట్రీషియన్ వచ్చి కూర్చునేవాడు.

ఆరోజు ఆమె వెనకనుంచి వచ్చి, పక్కవాళ్లతో మాట్లాడుతూనే అతని కుడిచేతికి బీపీ పట్టీ బిగించేసింది. అతను విసురుగా చెయ్యి లాక్కున్నాడు. మిషన్ కిందపడింది.

"ఓవర్ యాక్షన్ తగ్గించండి బాబూ!" అందామె.

క్లాసంతా నవ్వింది. అతను మాత్రం చెమట తుడుచుకుంటూ బయటికెళ్లిపోయాడు.

ఆమె వెనకే పరిగెత్తింది. దెబ్బతిన్న మనసుని ఎలా చూసుకోవాలో పొద్దున్నే పరీక్షలో రెండు పేజీలు రాసొచ్చింది మరి!

వరండాలో బెంచీ మీద దొరికాడు.

"సారీ అండీ. నోరు జారాను."

"నోరు సరే, ఆ పట్టీ సంగతేంటి?" అన్నాడు. కుడిచెయ్యి చూపించాడు. "రెండేళ్ల కిందట గోడ కూలి ఈ చెయ్యి ఆరుగంటలు రాళ్ల కింద ఉండిపోయింది. దీనికి ఏదైనా బిగుసుకుంటే ఊపిరాడదు. ఇన్నాళ్లూ అందరూ ఎడమచేతికే కట్టారు."

"ఎలా చేస్తే మీకు ఇబ్బంది ఉండదు?"

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదతన్ని.

"ఎదురుగా ఉండి ముందే చెప్పండి. పట్టీ నేనే కట్టుకుంటాను. ఆపమంటే ఆపేయండి."

తర్వాతి శనివారం నుంచి అలాగే చేసింది. ఒకసారి బీపీ బాగా ఎక్కువొచ్చింది.

"భయమేస్తోందా?"

"పట్టీ వల్ల కాదులెండి."

ఆమె తలెత్తకుండా అంకె రాసుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

వానాకాలం వచ్చేసరికి అతను డ్రిల్లు ఎత్తలేకపోతున్నాడు. భుజం నొప్పి. ఆ ప్రమాదం తర్వాత ఆస్పత్రి గడప తొక్కలేదట. క్యాంటీన్‌లో టీ తాగుతూ ఆమె గట్టిగానే చివాట్లేసింది.

"మీ కోర్సు కానివ్వండి. మీ దగ్గరికే వస్తాను," అన్నాడు.

"నా దగ్గరికి రావద్దు."

అతని మొహం వాడిపోయింది. "నావల్ల తప్పేమైనా..."

"మనసుపడ్డ మనిషికి నేను వైద్యం చెయ్యకూడదు. రూలు."

బయట వాన దంచికొడుతోంది. సరిగ్గా విన్నానా అన్నట్టు చూశాడు.

"పుస్తకంలో ఉందా అది?"

"రూలు పుస్తకంలోది. మనసు నాది."

అతను టీ సగంలోనే వదిలేసి, భుజం పట్టుకుని లేచాడు.

"అయితే ఇంకో నర్సుని చూపించండి. ఇవాళే!"