ఏసీలో తులసి వాసన

"ఇది ఏసీయేనా, ఫణీంద్ర గారూ? ఎవరో పెద్దాయన ఆయాసపడుతున్నట్టుంది."

మే నెల సాయంత్రం. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంది. సుమశ్రీ చున్నీ చివరతో విసురుకుంటోంది.

"మొన్ననే గ్యాస్ పట్టించానండీ. ఆఫీసు దగ్గర ఎండలో పెట్టినప్పుడు ముందద్దానికి అట్ట కూడా అడ్డం పెడుతున్నాను."

"అట్టకి చల్లగా ఉందేమో. నాకైతే లేదు."

ఇద్దరూ అమీర్‌పేటలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. అతని ఆఫీసు లక్డీకాపూల్‌లో, ఆమెది సోమాజిగూడలో. రాకపోకలు అతని కారులోనే.

"రేపట్నుంచి మెట్రోలో వెళ్తానండీ," అంది సుమశ్రీ, కిటికీ బయటికి చూస్తూ. "నిన్న ఈ వేడికి తలనొప్పి వచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. నాన్నగారు కోప్పడి కార్డు కూడా తెచ్చేశారు."

సిగ్నల్ పచ్చబడింది. కారు కదల్లేదు. వెనక హారన్లు మోత మోగించాయి.

చెప్పాల్సింది ఒక్క మాటే అయితే, ఒక మనిషికి ఎంత కాలం కావాలి? ఫణీంద్రకు రెండేళ్లు చాలలేదు. రోజూ సోమాజిగూడ వచ్చేలోపు చెప్పేయాలనుకుంటాడు. ఆమె దిగిపోయాక ఖాళీ సీటుకు చెప్పుకుంటాడు.

"ఒక్క పావుగంట ఇవ్వండి. తెలిసిన మెకానిక్ ఉన్నాడు. ఇవాళ బాగుకాకపోతే రేపు నేనే మెట్రో స్టేషన్ దగ్గర దింపుతాను."

"ఈ కారులోనేనా?" అంది ఆమె. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

మెకానిక్ రాకేశ్ బానెట్ ఎత్తి, చూసి, దించేశాడు.

"గ్యాస్ మస్తుగుందన్నా. గాలే వస్తలేదు. ఎండల పెట్టిన కారు ఎక్కంగనే అద్దాలు జరసేపు దించుతవా?"

"దించను."

"ఎందుకన్నా? లోపలి వేడంత బయటికి పోవాలె గదా."

ఫణీంద్ర సుమశ్రీ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "ఊరికే."

"ఊరికేనా! పొయ్యి మీది గిన్నెకు మూత పెట్టి సల్లబడమంటే ఎట్ల పడ్తది?"

రాకేశ్ ముందు సీటుకు ఎదురుగా ఉన్న చిన్న అరను ఊడదీశాడు. దాని వెనక నుంచి గాలిని వడపోసే ఫిల్టరును బయటికి లాగాడు. తెల్లగా ఉండాల్సిన ఆ ఫిల్టరు మసిపట్టి నల్లగా ఉంది. మడత మడతకూ ఏదో చెత్త ఇరుక్కుని ఉంది.

"అన్నా, గిది ఫిల్టరా, పిట్టగూడా? ముందద్దం కింద గాలి పోయే జాలీ లేదా, అండ్లకెళ్లి పడ్డయి గివన్ని. ఇగ గాలి ఏడికెళ్లి వస్తది?"

ఫిల్టరును నేలకేసి తట్టాడు. చెత్త కుప్పగా రాలింది. దాన్ని చెప్పుకాలితో పక్కకు తోయబోయాడు.

"కాలు పెట్టకండి! తులసి!"

సుమశ్రీ కేకకు రాకేశ్ కాలు గాలిలోనే ఆగిపోయింది. ఆమె గబగబా వచ్చి నేల మీద కూర్చుని, ఆ చెత్తను రుమాల్లోకి ఎత్తసాగింది.

ఫణీంద్ర పక్కనే కూర్చున్నాడు. "బొగ్గుపొడిలా ఉంది కదండీ. తులసి అని మీకెలా తెలిసింది?"

"వాసన."

"అంత దూరం నుంచా?"

సుమశ్రీ తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"పోయిన వానాకాలం ఫ్లైఓవర్ మీద మీ కారు జారి గోడకు తగిలింది కదా. ఆ మర్నాటి నుంచి... పూజ కాగానే మేడ మీది కుండీలోంచి ఒక దళం తెచ్చి మీ కారు ముందద్దం కింద పెట్టేదాన్ని. మీరు వచ్చేసరికి కనిపించేది కాదు. గాలికి ఎగిరిపోయిందనుకున్నాను. లోపలికి పోతుందని నాకేం తెలుసు?"

"రోజూనా?"

"రోజూ. ఆదివారం తులసి కొయ్యకూడదు కదా, శనివారమే కోసి దాచేదాన్ని."

ఫణీంద్ర నేల మీద మిగిలిన రెండు ఆకులు ఏరి ఆమె రుమాల్లో వేశాడు.

"నేను అద్దాలెందుకు దించనో చెప్పనా? మీరు దిగిపోయాక కూడా కారులో తులసి వాసన ఉండేది. అది మీ వాసనే అనుకున్నాను. అద్దాలు దించితే పోతుందని భయం."

సుమశ్రీ ఇప్పుడు తల ఎత్తింది. "అందుకని ఉడికిపోతూ కూర్చున్నారా?"

"మిమ్మల్ని కూడా ఉడికించాను. తప్పే. కానీ సుమశ్రీ గారూ, ఆ పక్క సీటులో మీరు తప్ప ఎవరు కూర్చున్నా నేను ఒప్పుకోలేను. ఎప్పటికీ."

ఆమె రుమాలు ముడివేసింది. ఆ ముడి పడటానికి చాలాసేపు పట్టింది.

"నన్నడిగితే సరిపోతుందా? నాన్నగారిని అడగొద్దూ?"

"అన్నా, కొత్త ఫిల్టర్ ఏసిన," అన్నాడు రాకేశ్. "ఇగ మిగిలిన మాటలు లోపల సల్లగ కూసోని మాట్లాడుకోండ్రి."

కారు ఎక్కగానే ఇద్దరూ అద్దాలు దించారు. వేడంతా పోయాక ఎక్కించారు. చల్లటి గాలి ఒక్కసారిగా వచ్చి సుమశ్రీ ముంగురులను చెదరగొట్టింది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

అతని క్షేమం కోరి పెట్టిన తులసే ఆమెను ఆ కారులోంచి దింపేయబోయిందా? లేక రెండేళ్లుగా పెదవి దాటని మాటను అదే బయటికి రప్పించిందా? పైవాడి ఏర్పాటు మనకెక్కడ అర్థమవుతుంది!

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సుమశ్రీ నాన్నగారు చలపతిరావు గారు మెట్రో కార్డు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇంతసేపేంటమ్మా?"

"ఏసీ బాగుచేయించాం నాన్నా."

"ఎన్నిసార్లు బాగుచేయిస్తాడమ్మా ఈ అబ్బాయి? ఏదీ, చూద్దాం," అంటూ ఆయన వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు. కాసేపటికి చలేసి చొక్కా పై బొత్తం పెట్టుకున్నారు. ఆ తర్వాత కూతురి చేతిలోని మూట చూశారు.

"ఆ రుమాల్లో ఏంటి?"

"తులసి. ఈ కారు ఫిల్టర్లో దొరికింది. కుండీలో వేద్దామని."

చలపతిరావు గారు కూతురిని చూశారు. తర్వాత ఫణీంద్రను చూశారు.

"శనివారాలు తులసి కోసి గిన్నె కింద దాచి, నేనడిగితే మాట మార్చేదానివి. ఇదేనా సంగతి?"

అంత చలువలోనూ ఫణీంద్ర అరచేతులకు చెమట పట్టింది.

ఆయన మెట్రో కార్డును అటూ ఇటూ తిప్పి జేబులో పెట్టుకున్నారు.

"దీన్ని నేనే వాడుకుంటాలే. అబ్బాయ్, ఆదివారం మీ అమ్మగారు ఇంట్లో ఉంటారా?"

"ఉంటారండీ!"

ఆ కేకకు వాచ్‌మన్ తిరిగి చూశాడు. ఫణీంద్ర సిగ్గుపడి ఏసీ ఆపబోయాడు.

"ఉండనీ బాబూ," అన్నారు చలపతిరావు గారు, కళ్లు మూసుకుని వెనక్కి వాలుతూ. "ఇంకాసేపు ఉండనీ."