విరగని మసపాన్

వేయించిన పల్లీలు చల్లారకముందే అరాసెలి పొట్టు ఊదడం మొదలుపెట్టింది. వంటిల్లంతా పొట్టే. అమ్మమ్మకి తుమ్ములు.

"కాసేపు ఆగవే. ఇల్లలకగానే పండగ అయిపోతుందా?"

అరాసెలికి ఆగే తీరిక లేదు. సాయంత్రం పెద్దమ్మ కొడుకు ఫెర్మీన్ వస్తాడు. పల్లీలూ పంచదారా పొడిచేసి, బిళ్లలుగా అదిమే మసపాన్ ఆ ఊరి పిల్లలకి తిండీ, పందెమూ కూడా. కాగితం విప్పేటప్పుడు బిళ్ల విరిగితే ఓడిపోయినట్టే. అరాసెలి చేతిలో ఎప్పుడూ విరుగుతుంది.

"మసపాన్ విప్పుతున్నావా, కోడి ఈకలు పీకుతున్నావా?" అన్నాడు ఫెర్మీన్ మొన్న బడిలో, అందరి ముందూ. ఆ మంట ఇంకా చల్లారలేదు.

అమ్మమ్మ పల్లీలు, పంచదార మిక్సీలో తిప్పి ఇచ్చింది.

"గట్టిగా అదుము, చాలు. నీళ్లు మాత్రం తగలనీకు. ఇవాళ మీ ముత్తాత పేరుగల పునీతుడి పండగ. పళ్లు లేని ముత్తాత నోటికి మిగిలిన మిఠాయి ఇదొక్కటే. పొద్దుట్నుంచీ అడుగుతున్నాడు."

అలా చెప్పి, పువ్వుల కోసం సంతకి వెళ్లింది.

అరాసెలి ఒక బిళ్ల అదిమి చూసింది. అంచు రాలిపోయింది. ఇంకొకటి చేసింది. అదీ అంతే. అమ్మమ్మ మాట గుర్తుంది కానీ, ఫెర్మీన్ మాట అంతకన్నా గట్టిగా గుర్తుంది. పిండిలో నీళ్లు పోసి ముద్ద చేసేసింది. బిళ్లలన్నీ మేడ మీద ఎండబెట్టింది. కింద పడేసినా విరగలేదు. తన తెలివికి తనే మురిసిపోయింది.

సాయంత్రం అరాసెలి కాగితంలో చుట్టిన బిళ్లని చెక్కుచెదరకుండా విప్పింది. ఫెర్మీన్ దాన్ని తీసుకుని బల్ల మీద టకటకా కొట్టాడు.

"ఇది వంటింట్లో చేశావా, ఇటుకల బట్టీలోనా? సరేలే, నువ్వే గెలిచావ్."

పండక్కి వచ్చిన చుట్టాలందరూ నవ్వారు. అరాసెలి కూడా నవ్వుతూ ముత్తాత వైపు చూసింది. ఆయన ఇంకో బిళ్లని ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి తిప్పుతున్నాడు. చివరికి మెల్లగా బయటికి తీసి, కాగితంలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"బాగుందమ్మా. తర్వాత తింటాను."

తర్వాతైనా తినలేడని అరాసెలికి తెలుసు. ఆమెకి ఏడుపొచ్చింది.

"అమ్మమ్మా, నేనే నీళ్లు పోశాను. పల్లీలు ఏమైనా మిగిలాయా?"

అమ్మమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తిట్టలేదు.

"గుప్పెడున్నాయి. మూకుడు పొయ్యి మీద పెట్టు."

ఈసారి పల్లీలు పూర్తిగా చల్లారేదాకా అరాసెలి వాటి పక్కనే కూర్చుంది. ఒక్క బిళ్లకే సరిపోయాయి. దాన్ని కాగితంలో చుట్టి, ముత్తాత ముందుకి తెచ్చి విప్పబోయింది. ఫెర్మీన్ మెడ సాచి చూస్తున్నాడు.

సగం విప్పేసరికే బిళ్ల పగిలి పొడిపొడి అయింది.

"విరిగింది. ఓడిపోయావ్," అన్నాడు ఫెర్మీన్.

"అవును, ఓడిపోయాను. ఆ చెంచా ఇలా ఇవ్వు."

ఫెర్మీన్ చెంచా అందించాడు. అరాసెలి పొడిని చెంచాతో ఎత్తి ముత్తాత నోట్లో పెట్టింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. పెదవులు చాలాసేపు కదిలాయి. తర్వాత కళ్లు తెరవకుండానే, చిన్నపిల్లాడిలా మళ్లీ నోరు తెరిచాడు.

అరాసెలి కాగితం మడతల్లో ఇరుక్కున్న పొడిని కూడా దులిపి చెంచాలో పోసింది.